పిల్లలతో మాటలాడి పెద్దలను ఆదరించిన బోధకుడు

ధ్యాన భాగములు: కీర్తనలు 131, 2 కొరింథీయులకు 1:3-7



131వ కీర్తన మిక్కిలి చిన్నది. మూడు వచనములే గల ఈ కీర్తనను మనము త్వరగా చదివి దాటిపోవుదుము. ఐతే అందులో ఆశ్చర్యమైన సంగతి యొకటి యున్నది. యుద్ధములు చేసినవాడును రాజ్యము ఏలినవాడునైన దావీదు తన ప్రాణమును తల్లి చెంత నెమ్మదిగా నున్న పసిబిడ్డతో పోల్చుకొనుచున్నాడు. అది పాలు మానిన బిడ్డ. పాలకొరకు ఏడ్చుట దానికి తీరిపోయినది. ఇప్పుడు దానికి కావలసినది తల్లి దగ్గర నుండుట మాత్రమే. ఎదిగిన మనిషికి కూడ అట్టి నెమ్మది అవసరమనియు, దానిని కోరుట సిగ్గుపడవలసిన సంగతి కాదనియు ఈ కీర్తన మనకు నేర్పుచున్నది.

దీనిని ఇప్పుడేల వ్రాయుచున్నామనగా, మన గ్రామములలో పెద్దవారు, ముఖ్యముగా విధవరాండ్రును వయసు మళ్లినవారును, మనుమలతో కూర్చుండి టెలివిజనులో పిల్లల కార్యక్రమములు చూచుట మేమెరుగుదుము. పిల్లలు బడికి పోయిన తరువాత కూడ ఆ బొమ్మలనే చూచువారు కలరు. ఎవరైన ఇంటికి వచ్చిన యెడల సిగ్గుపడి ఆపివేయుదురు. ఇంటివారు పరిహాసము చేయుదురు. సంఘములో కొందరు, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయమును చూపి, పెద్దవారైన పిమ్మట పిల్లతనము విడువవలెను గదా అని అడుగుదురు. అది నిజముగా పిల్లతనమా, లేక అలసిన ప్రాణము ఆదరణ కొరకు వెదకుటయా? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక దైవజనుని జీవితమును మీ యెదుట ఉంచగోరుచున్నాము. ఆయన అమెరికా దేశస్థుడైన ఫ్రెడ్ రోజర్స్. గురుపట్టము పొందిన బోధకుడై యుండియు, ప్రసంగ పీఠమునకు బదులు టెలివిజనులో పిల్లల కార్యక్రమమునే ఆయన తన పరిచర్యగా చేసికొనెను.

బాల్యము

ఫ్రెడ్ రోజర్స్ 1928 మార్చి 20వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని లాట్రోబ్ అను చిన్న పట్టణములో పుట్టెను. అది పిట్స్‌బర్గ్ నగరమునకు తూర్పున సుమారు 40 మైళ్ల దూరమున నున్నది. తండ్రి జేమ్స్ వ్యాపారస్థుడు. తల్లి నాన్సీ పరోపకారము గల స్త్రీ. ఊలుతో స్వెట్టర్లు అల్లి ఇతరులకు ఇచ్చుచుండెడిది. వారు కలిగినవారు, ప్రెస్బిటేరియన్ సంఘములో భక్తిగల కుటుంబము. ఇంట సమృద్ధి యున్నను ఈ బాలునికి సంతోషము తక్కువగా నుండెను. ఉబ్బసము వలన తరచు మంచము పట్టెడివాడు. లావుగా నుండుటచేత బడిపిల్లలు వెక్కిరించి, ఒకనాడు ఇంటి త్రోవలో వెంట తరిమిరి. నీకేమియు బాధ లేనట్లు కనబడుము, అప్పుడు వారే మానుకొందురని పెద్దలు సలహా చెప్పిరి. కాని బాలునికి బాధ యుండెను. ఆ బాధను దాచుకొనక ఎవరితోనైన చెప్పుకొనగోరెను, వినువారు లేకపోయిరి. గనుక ఒంటరిగా పియానో వాయించుకొనుచు, బొమ్మలచేత మాటలాడించుకొనుచు కాలము గడిపెను.

ఒక్కరు మాత్రము ఆ బాలుని గ్రహించిరి. ఆయన తల్లి తండ్రియైన ఫ్రెడ్ మెక్‌ఫీలీ. తాతగారి పేరే మనుమనికి పెట్టిరి. ఆ వృద్ధుడు మనుమని దగ్గర కూర్చుండబెట్టుకొని, నీవు ఏదో సాధించినందుకు కాదు, నీవు నీవుగా నున్నందుకే నాకిష్టమని తెలియజేసెను. ఈ ఒక్క మాటయే తరువాత ఆయన జీవితమంతటికి పునాది యాయెను. మన ఇండ్లలోని తాతలును అమ్మమ్మలును దీనిని గమనింతురు గాక. మనము మనుమలకు పొలము ఇయ్యలేకపోవచ్చును. ఈ మాట ఇయ్యగలము.

పిలుపు

ఆయన ఫ్లోరిడా రాష్ట్రములోని రోలిన్స్ కళాశాలలో సంగీతము చదివి 1951లో పట్టభద్రుడాయెను. తరువాత సెమినరీకి పోయి బోధకుడు కావలెనని తలంచెను. అట్టి సమయమున తల్లిదండ్రుల ఇంట మొదటిసారి టెలివిజనును చూచెను. అందులో మనుష్యులు ఒకరి ముఖముపై ఒకరు తినుబండారములు విసరుకొని నవ్వుచుండిరి. అది ఆయనకు ఎంతో అసహ్యమాయెను. ఐతే దానిని దూషించి ఊరకుండలేదు. ఇంత బలమైన సాధనమును మనుష్యుని గౌరవమును చెరుపుటకు గాక కాపాడుటకు వాడవచ్చునని గ్రహించి, సెమినరీని వాయిదా వేసికొని, న్యూయార్కులోని ఎన్.బి.సి. అను టెలివిజను సంస్థలో పనికి చేరెను. 1952లో జోయాన్ అను ఆమెను వివాహము చేసికొనెను. దేవుడు వారికి ఇద్దరు కుమారులను దయచేసెను.

1953లో ఆయన పేరుగల ఆ సంస్థను విడిచి, పిట్స్‌బర్గులో అప్పుడే మొదలగుచున్న చిన్న విద్యా టెలివిజను కేంద్రమునకు వచ్చెను. 1954లో అక్కడ పిల్లల కార్యక్రమమొకటి ఆరంభమాయెను. అందులో ఆయన ముఖము కనబడలేదు. తెర వెనుక నిలిచి బొమ్మలను చేతికి తొడుగుకొని మాటలాడించెను. వాటిలో డేనియల్ అను చారల పులి ముఖ్యమైనది. అది గర్జించు పులి కాదు. గడియారములో కాపురముండి, భయపడుచు, సిగ్గుపడుచు, మెల్లగా ప్రశ్నలడుగు పులి. ఆయన తన చిన్ననాటి భయములన్నిటిని ఆ బొమ్మ నోట పలికించెను.

ఆ దినములలోనే ఆయన మధ్యాహ్న భోజన విరామ సమయములలో సెమినరీకి పోయి పాఠములు వినెను. ఈ విధముగా 8 సంవత్సరములు చదివి, 1963లో గురుపట్టము పొందెను. సాధారణముగా గురుపట్టము పొందినవారికి ఒక సంఘము నియమింపబడును. పిట్స్‌బర్గ్ ప్రెస్బిటరీ వారు ఈయనకు ఏ దేవాలయమును ఇయ్యలేదు. టెలివిజను ద్వారా పిల్లలకును వారి కుటుంబములకును పరిచర్య చేయుమని నియమించిరి. గోడలు లేని సంఘమునకు ఆయన కాపరి యాయెను.

ఆయన ఇరుగు పొరుగు

కెనడా దేశములో కొన్ని సంవత్సరములు పని చేసి తిరిగి వచ్చిన పిమ్మట, 1968 ఫిబ్రవరి 19వ తేదీన మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్ అను కార్యక్రమము అమెరికా యంతట ప్రసారమగుట మొదలాయెను. ఆ పేరునకు మన భాషలో రోజర్స్‌గారి ఇరుగు పొరుగు అని అర్థము. అందులో వింతలేమియు లేవు. ఆయన పాడుచు ఇంటిలోనికి వచ్చును. కోటు విప్పి స్వెట్టరు తొడుగుకొనును. ఆ స్వెట్టర్లలో అనేకము తల్లి అల్లినవే. గట్టి బూట్లు విడిచి గుడ్డ బూట్లు వేసికొనును. చేపలకు మేత వేయును. తరువాత కెమెరా వైపు చూచి, ఎదుట ఒకే బిడ్డ కూర్చున్నట్లు మెల్లగా మాటలాడును. నడుమ నడుమ మౌనముగా నుండును. త్వరపడుట ఆయన ఎరుగడు.

ఆ ఇంటివారిలో చూపులేని ఒక బాలిక ఉత్తరము వ్రాయించెను. చేపలకు మేత వేసితిరో లేదో తనకు తెలియక దిగులుగా నున్నదని ఆమె తెలియజేసెను. అప్పటినుండి ఆయన మేత వేయునప్పుడెల్ల ఆ సంగతి నోటితో చెప్పెడివాడు. లక్షలమంది చూచుచున్న కార్యక్రమములో ఒక్క బిడ్డ దిగులు ఆయనకు బరువైనదాయెను. తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన కాపరి ఉపమానమును ఆయన ఈలాగున అభ్యసించెను.

కార్యక్రమము మెల్లనిదే గాని లోతు లేనిది కాదు. 1968 జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ కాల్చి చంపబడినప్పుడు, ఆ మాటకు అర్థమేమని పులిబొమ్మచేత అడిగించి, భయపడిన పిల్లలకు ధైర్యము చెప్పెను. 1970లో తొట్టెలో చచ్చిన చేపను చూపి, దానిని పాతిపెట్టి, మరణమును గూర్చి మాటలాడెను. కోపము వచ్చుట పాపము కాదని, కోపముతో ఎవరిని గాయపరచకుండ నుండుట నేర్చుకొనవచ్చునని పాటగా పాడెను. సుమారు 200 పాటలు ఆయనే వ్రాసెను. మార్గరెట్ మెక్‌ఫార్లాండ్ అను పిల్లల మనస్తత్వ శాస్త్రజ్ఞురాలితో సంప్రదించి ప్రతి మాటను తూచి పలికెడివాడు. ప్రతి ఉదయము పెందలకడ లేచి వాక్యము చదివి, అనేకులను పేరు పేరున జ్ఞాపకము చేసికొని ప్రార్థించెడివాడు. కార్యక్రమములో ప్రసంగము చేయలేదు. ఐతే ఆ ప్రార్థన ఫలము ప్రతి దినము అందులో కనబడెను.

పెద్దలు వినిరి

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తుము. ఈ మాటలు పిల్లల కొరకే చెప్పబడెను. ఐతే విన్నవారు పిల్లలు మాత్రమే కారు.

1969 మే 1వ తేదీన ఆయన వాషింగ్టన్ నగరములో సెనేటు ఉపసంఘము ఎదుట నిలువవలసి వచ్చెను. ప్రజల టెలివిజనుకు ఇయ్యదగిన 2 కోట్ల డాలర్ల సొమ్ము తగ్గింపబడు ప్రమాదములో నుండెను. ఉపసంఘ అధ్యక్షుడు జాన్ పాస్టోర్ కఠినముగా మాటలాడువాడని పేరుపొందెను. రోజర్స్ వాదించలేదు, సుమారు 6 నిమిషములు, పిల్లలతో మాటలాడు స్వరముతోనే మాటలాడి, కోపమును గూర్చిన తన పాట మాటలను చదివి వినిపించెను. ఆ కఠినుడు వినుచుండగా మెత్తబడెను. తన ఒడలు పులకరించినదని ఒప్పుకొని, సొమ్ము మీకు దొరికినట్లేయని సభలోనే చెప్పెను.

ఆ కార్యక్రమములో పోలీసు వేషము వేసిన ఫ్రాంస్వా క్లెమన్స్ నల్లజాతివాడు, మంచి గాయకుడు. ఆ కాలమున అమెరికాలో అనేక చోట్ల నల్లవారిని ఈత కొలనులలోనికి రానీయకపోయిరి. వేరు బావులు, వేరు గ్లాసులు ఎరిగిన మన పెద్దలకు ఈ సంగతి వివరించ నక్కరలేదు. 1969లో ఒక ఎండదినమున రోజర్స్ చిన్న తొట్టెలో నీళ్లు పోసి కాళ్లు పెట్టుకొని, క్లెమన్స్‌ను కూడ పిలిచెను. ఇద్దరి పాదములు ఒకే నీళ్లలో నుండెను. 1993లో వారు మరల అదే విధముగా చేసినప్పుడు, రోజర్స్ ఆయన పాదములను తుడిచెను. యోహాను సువార్త 13వ అధ్యాయము చదివినవారికి దీని భావము తెలియును.

క్లెమన్స్ తన అనుభవమొకటి తరువాతి కాలమున చెప్పెను. ఒకనాడు రోజర్స్ కార్యక్రమము ముగించుచు, మీరున్నట్టుగానే మీరు ప్రేమింపదగినవారని పిల్లలకు ఎప్పుడును చెప్పునట్లే చెప్పుచుండెను. ప్రక్కన నిలిచియున్న క్లెమన్స్‌కు ఆ మాట తనతోనే చెప్పినట్లు తోచెను. నాతోనా మాటలాడితిరని ఆయన అడిగెను. ఎంతోకాలముగా నీతో చెప్పుచునే యున్నాను, ఈ దినమున నీవు వింటివని రోజర్స్ జవాబిచ్చెను. క్లెమన్స్ అప్పటికి ఎదిగిన మనిషి. అట్టి మాట తన తండ్రి నోటనైనను వినలేదు. ఆయన ఆ చేతులలో వాలి ఏడ్చెను.

మరియొక సంగతి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో చదువుచున్న ఒక యువకుడు, తరువాత పత్రికా రచయిత యైనవాడు, 2017లో దీనిని లోకమునకు తెలియజేసెను. చదువుకొను దినములలో అతని తాత చనిపోయెను. ముందు త్రోవ చీకటిగా తోచెను. ఒకనాడు వసతిగృహములో నుండి బయటికి పోవుచుండగా, అందరు కూర్చుండు గదిలో టెలివిజను మ్రోగుచుండెను. చిన్నప్పుడు విన్న పాట. పసిపిల్లల కార్యక్రమమని దాటిపోలేక, నిలిచి చివర వరకు చూచెను. గుండె బరువు కొంత తగ్గెను. కొద్ది దినములకు అతడు లిఫ్టు ఎక్కబోవగా, తలుపు తెరచుకొనినప్పుడు లోపల రోజర్స్ నిలిచియుండెను. యువకుడు తన తాత మరణమును చెప్పెను. రోజర్స్ తన పని విడిచి కిటికీ దగ్గర అతనితో కూర్చుండి, ఆ తాతను గూర్చి అడిగి తెలిసికొనెను. తన తాత పోయి ఎన్నో సంవత్సరములైనను, ఆయన ఉండిన బాగుండునని తనకును ఇప్పటికి తోచుచున్నదని చెప్పెను.

1997లో ఆయనకు ఒక గొప్ప బహుమానము ఇచ్చినప్పుడు, సభలో నిండియున్న సినిమా, టెలివిజను నటులను 10 సెకనులు మౌనముగా నుండి, తమ్మును ప్రేమించి ఇంతవారిని చేసినవారిని తలంచుకొనుమని కోరెను. చేతి గడియారము చూచుచు తానే కాలము లెక్కించెను. పట్టుబట్టలు కట్టుకొనిన ఆ గొప్పవారి కన్నులలో నీళ్లు తిరిగెను.

దీని భావమేమి?

సెనేటు సభ్యుడును, గాయకుడును, విద్యార్థియు, నటులును పెద్దవారే. వారికి పిల్లల మాట ఏల ఆదరణ కలుగజేసెను? మాకు తోచినది చెప్పెదము. పెద్దవారితో లోకము ఎప్పుడును లెక్క మాటలాడును. ఎంత పండించితివి? అప్పు ఎప్పుడు తీర్చెదవు? కొడుకు ఏ ఉద్యోగము చేయుచున్నాడు? సాధించుటకు ముందే నీవు ప్రేమింపబడితివని పెద్దవానితో ఎవరు చెప్పుదురు? పిల్లలకు చెప్పు మాటలలో మాత్రమే ఆ సంగతి ఇంకను మిగిలియున్నది. అందుచేత అలసినవాడు ఆ మాట వినబడు చోటికి పోవుచున్నాడు. మన సువార్త మొదటి పాఠము కూడ అదియే గదా! మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మన కొరకు చనిపోయెనని రోమీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయము చెప్పుచున్నది. పౌలు విడువుమనినది పిల్లల ఆలోచనలోని తెలివితక్కువతనమును. బిడ్డ తండ్రిని నమ్ము నమ్మికను కాదు. చిన్నబిడ్డలవంటివారు కానియెడల రాజ్యములో ప్రవేశము లేదని ప్రభువు పెద్దవారైన శిష్యులతోనే చెప్పెను.

ఐతే ఒక హెచ్చరిక కూడ అవసరము. ఆ యువకునికి టెలివిజను కొంత ఉపశమనము నిచ్చెను. కిటికీ దగ్గర ప్రక్కన కూర్చున్న మనిషి అంతకంటె ఎక్కువ ఇచ్చెను. రోజర్స్ కార్యక్రమము అరగంటయే. ముగియగానే ఆయన మరల కోటు తొడుగుకొని, బయటికి పోయెడివాడు. ఇప్పుడు ఇంటింటను ఫోను వచ్చినది. అందులోని బొమ్మలకు ముగింపు లేదు. రాత్రి తెల్లవారినను అవి నడచుచునే యుండును. దుఃఖము మరచుటకు చూచుట వేరు, దుఃఖము నుండి పారిపోయి అందులోనే కాపురముండుట వేరు. ఆదరణ పొందినవాడు లేచి నడచును. ఏలీయా బదరీ చెట్టు క్రింద నిద్రించి, దూత ఇచ్చిన రొట్టె తిని, అక్కడనే ఉండిపోలేదు, ప్రయాణము సాగించెను.

కడవరి దినములు

ఆదరించిన ఈయనకు కూడ ఆదరణ అవసరమాయెను. కొన్ని సంవత్సరములు ఆపిన కార్యక్రమమును 1979లో మరల ఆరంభించునప్పుడు, ఇక తాను వ్రాయగలనా యని సందేహించి, తన భయమును కాగితముపై పెట్టుకొనెను. ఐనను పని విడువలేదు. సుమారు 900 కార్యక్రమములు చేసెను. కడవరిది 2001 ఆగస్టు 31న ప్రసారమాయెను. 2002లో ఆయనకు కడుపులో క్యాన్సరు ఉన్నట్లు తెలిసెను. అంతకు ముందు మత్తయి 25వ అధ్యాయమునందలి గొఱ్ఱెలు, మేకలను గూర్చిన భాగమును ధ్యానించుచుండెను. మరణము సమీపించినప్పుడు, నేను గొఱ్ఱెలలో నుందునా యని భార్యను అడిగెను. ఎవరైన ఉన్నయెడల మీరే యుందురని ఆమె ధైర్యపరచెను. నీవున్నట్టుగానే ప్రేమింపబడితివని లక్షలమందికి చెప్పిన మనిషి, ఆ మాటను తానును ఒకరి నోట వినవలసి వచ్చెను. 2003 ఫిబ్రవరి 27వ తేదీన పిట్స్‌బర్గులో తన ఇంట ప్రభువునందు నిద్రించెను. లాట్రోబ్ పట్టణమున సమాధి చేయబడెను.

భయంకరమైన వార్తలు చూచునప్పుడు, అక్కడ సహాయము చేయువారిని వెదకి చూడుమని చిన్నప్పుడు తల్లి తనకు నేర్పెనని ఆయన చెప్పెడివాడు. ఆయన పోయిన తరువాత, 2012లో కనెక్టికట్ రాష్ట్రములోని ఒక బడిలో పిల్లలు చంపబడినప్పుడు, పెద్దలు అనేకులు ఈ మాటను ఒకరికొకరు పంపుకొని ఆదరణ పొందిరి. కొందరు మంచి ప్రశ్న వేసిరి: చిన్నబిడ్డ సహాయకుని కొరకు చూచుట సరియే, పెద్దవాడు తానే సహాయకుడు కావద్దా? అవును, కావలెను. దేవుడు మనలను ఆదరించుట, ఏ శ్రమలో నున్నవారినైనను మనము ఆదరించుట కొరకేయని పౌలు కొరింథీయులకు రెండవ పత్రిక మొదటి అధ్యాయములో బోధించుచున్నాడు.

గనుక ప్రియులారా, ఈ మాసములో రెండు సంగతులు చేయుదము. మీ ఇంట వృద్ధురాలు పిల్లల బొమ్మలు చూచి నవ్వుకొనుచున్న యెడల ఆమెను పరిహసింపకుడి. ప్రక్కన ఒక అరగంట కూర్చుండుడి. అది ముగిసిన తరువాత, చనిపోయిన ఆమె భర్తను గూర్చియో, దూరముననున్న కుమారుని గూర్చియో అడుగుడి. త్వరపడకుడి. ఆ ఇంటిలో మీరే పొరుగువారు. రెండవది, ఆరాధనకు వచ్చిన ప్రతి పెద్దమనిషిలో బాధ దాచుకొనిన బిడ్డ యొకడున్నాడని తలంచి, చందా పుస్తకము తెరువక మునుపు క్షేమసమాచారము అడుగుడి.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, నీ యెదుట మేమందరము పిల్లలమే. మా వయసును, మా పెద్దరికమును ప్రక్కన పెట్టి నీ చెంత నెమ్మదిగా కూర్చుండుట మాకు నేర్పుము. నీవిచ్చిన ఆదరణను మా పొరుగువారి ఇంటికి తీసికొనిపోవు కాళ్లను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.